అల్లుడు బిగించిన డాంపర్లు

వంతెన మీద పనిచేసేవాళ్ళు అతన్ని రంపం అని పిలుచుకునేవారు. ఎదురుపడితే మాత్రం పెద్దాయనా అనేవారు. పేరు అతని గొంతుకు సరిగ్గా అతికింది. గరగరమంటూ మొదలై, ఎదుటి మనిషి మెత్తబడేదాకా ఆగేది కాదు. మంచినీళ్ళు అడిగినా తగాదాకు పిలిచినట్టే ఉండేది. క్యాంటీన్ మనిషి అతను వస్తున్నాడని తెలియగానే టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి లోపలికి తప్పుకునేవాడు.

అతని పని అడ్డుతాళ్ళు చూసుకోవడం. నది మీద ఉన్న ఆ వంతెనకు కింద స్తంభాలు తక్కువ. రెండు ఎత్తైన టవర్ల నుంచి గొడుగు ఊచల్లా దిగిన కేబుళ్ళే రోడ్డును పట్టుకుని ఉంటాయి. ఒక్కొక్కటి మనిషి తొడంత లావు. దూరం నుంచి చూస్తే గీత గీసినట్టు కదలకుండా కనిపిస్తాయి కానీ, అవి ఊగుతాయి. పెనుగాలికి కాదు. సన్నటి వాన పడుతూ గాలి ఒకే తీరున వీచినప్పుడు వాననీళ్ళు కేబులు ఒంటి మీద ధార కట్టి జారుతాయి. ఆ ధారతో గుండ్రటి కేబులు ఆకారం కాస్త మారుతుంది. అంతే, గాలికి పట్టు దొరుకుతుంది. ఊపు మీద ఊపు పడి, నడిమధ్యలో మనిషి ఎత్తున కొట్టుకుంటుంది. దానితో వంతెన కూలిపోదు. కానీ ఇనుపతీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి ఎలా విరుగుతుందో, కేబులు రోడ్డులోకి దిగే చోట అలా లోలోపలే అలిసిపోతుంది.

ఆ ఊపును ఆపడానికి వంతెన కట్టినవాళ్ళు కేబుళ్ళను ఒకదానితో ఒకటి ఉక్కుతాళ్ళతో అడ్డంగా కట్టించారు. ఒకటి ఊగబోతే పక్కవి పట్టుకుని ఆపాలని. ఆ తాళ్ళు సాగేవి, తెగేవి. వాటిని బిగించడం, గ్రీజు పెట్టడం, తెగినదాన్ని మార్చడం రంపం గ్యాంగు పని. ఒకసారి తెగిన తాడు ఎగిరొచ్చి అతని చెంప చీల్చింది. ఆ గాటును చూపించి, "నీకు తాళ్ళ సంగతి ఎవరు చెప్పారు? నాకిది చెప్పింది," అనేవాడు.

ఇంట్లో అతని భార్య, ఒక్కగానొక్క కూతురు ఉండేవారు. కూతురు సిటీ బస్సు నడుపుతుంది. ఆమె పెళ్ళి చేసుకోదలచిన మనిషిని ఇంటికి తీసుకొచ్చిన రోజున అంతా బాగానే మొదలైంది. రంపం తన తాళ్ళ గురించి చెప్పాడు. వచ్చినవాడు శ్రద్ధగా విన్నాడు. విని, "ఇప్పుడు వీటిని ఎవరూ వాడడం లేదండీ. అన్ని చోట్లా ఊపును చంపే డాంపర్లే పెడుతున్నారు. మేం చేసేది అదే," అన్నాడు.

ఆ ఒక్క మాటకు సంబంధం చెడింది. చెడింది అంటే రంపం వరకే చెడింది. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. అతను వెళ్ళలేదు. తల్లి వెళ్ళింది. తండ్రీ కూతుళ్ళకు ఆనాటి నుంచి మాటల్లేవు. రోజూ ఆమె బస్సు అతని ముందు నుంచే వంతెన దాటేది. అతను ఆ సమయానికి కేబులు వైపు తిరిగి నిలబడేవాడు.

మూడేళ్ళు అలాగే గడిచాయి. ఒక ఉదయం వంతెన ఇంజనీరమ్మ అతన్ని పిలిపించింది.

"పెద్దాయనా, తాళ్ళు తీసేస్తున్నాం. డాంపర్లు వస్తున్నాయి. విప్పే పని మీ గ్యాంగుదే."

"కట్టినవాడి చేతనే విప్పిస్తారా?"

"మీకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి."

"మెరమెచ్చు మాటలొద్దమ్మా. బిగించడానికి ఎవరొస్తున్నారు?"

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మీకు తెలిసినవాళ్ళేనట," అంది.

వంతెన మొదట్లో ఒక రేకుల గదిని కంపెనీవాళ్ళకు ఆఫీసుగా ఇచ్చారు. రంపం లోపలికి వెళ్ళేసరికి అల్లుడు లేచి నిలబడ్డాడు.

"నమస్కారం మామయ్యగారూ."

"ఇక్కడ మామయ్యలెవరూ లేరు. తాళ్ళ గ్యాంగు పెద్దను ఉన్నాను. పని చెప్పండి."

"సరేనండి. పొడవాటి కేబుళ్ళతో మొదలుపెడదాం. మీవాళ్ళు తాడు విప్పితే మావాళ్ళు కింద కేబులుకు పట్టీలా క్లాంపు వేసి డాంపర్ బిగిస్తారు."

"విప్పాక ఊగితే?"

"ఊగదండి."

"తమరు చెప్తే గాలి వింటుందా?"

అల్లుడు కూడా తక్కువవాడు కాదు. నవ్వడు, గొంతు పెంచడు, తగ్గడు. గది తలుపు మీద ఉన్న చిన్న గొట్టాన్ని చూపించాడు. "ఈ తలుపును ఎంత విసురుగా తోసినా కొట్టుకోదు, చూశారా. ఆ గొట్టంలో ఆయిల్ ఉంది. తలుపు విసురుకు ఆ ఆయిల్ సన్నటి కంతలోంచి దూరి వెళ్ళాలి. దూరేసరికి విసురంతా అందులోనే చస్తుంది. కాస్త వేడిగా మారి పోతుంది. డాంపర్ అంటే అదే, కొంచెం పెద్దది."

"కేబులు ఊగేది నడుమ దగ్గర. తమరు కట్టేది కాలి దగ్గర. కాలు పట్టుకుంటే నడుము ఆగుతుందా?"

"గట్టిగా పట్టుకుంటే ఆగదు. కొంచెం వదులుతూ, కొంచెం పట్టుకుంటూ ఉంటే ఆగుతుంది. రేపు పరీక్ష ఉంది. మీరే చూద్దురుగాని."

"చూస్తాను. తమరి ముఖం కూడా చూస్తాను, అప్పుడు," అని రంపం బయటికి వచ్చి తలుపును దడాలున వేయబోయాడు. తలుపు నింపాదిగా, చప్పుడు లేకుండా మూసుకుంది.

మర్నాడు అన్నిటికంటే పొడవైన కేబులుకు తాళ్ళు విప్పి, డాంపర్ బిగించి, బుట్టబండి అందినంత ఎత్తున ఒక మోకు కట్టారు. మనిషిని బుట్టలో నిలబెట్టి పైకెత్తే ఆ బండిని నడిపేది ఒక లావుపాటి ఆవిడ. అందరూ ఆమెను పిన్ని అంటారు. మోకు కొసను గ్యాంగంతా పట్టుకుంది. అందరికీ ముందు రంపం నిలబడ్డాడు. పట్టు అతనే చెప్పాడు. లాగు, వదులు, లాగు, వదులు. ఉయ్యాలను ఊపినట్టు లయ తప్పకుండా లాగితే అంత కేబులూ కదిలింది. మొదటిసారి డాంపర్‌ను కేబులుకు కలిపే పిన్ను పీకేసి ఊపారు. అందరూ మోకు వదిలేసి, చెమట తుడుచుకుని, టీలు తాగి గ్లాసులు కడిగి పెట్టేసినా కేబులు ఇంకా ఊగుతూనే ఉంది. రంపం అల్లుడి వైపు చూశాడు.

రెండోసారి పిన్ను పెట్టారు. రంపం పళ్ళు బిగబట్టి, పగ తీర్చుకుంటున్నట్టు లాగాడు. వదలమన్నాక కేబులు నాలుగు ఊపులు ఊగి, పెద్దవాళ్ళు కసిరితే సర్దుకున్న పిల్లలా నిలిచిపోయింది.

అల్లుడు తన మీటరు చూసుకుంటున్నాడు తప్ప తలెత్తలేదు. ఒక్కసారి వెక్కిరింపుగా చూసి ఉంటే రంపం తిట్టి మనసు తేలిక చేసుకునేవాడు. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

"ఇంకోసారి," అన్నాడు రంపం.

మళ్ళీ లాగారు. మళ్ళీ ఆగింది. ఆ పై సారి కూడా లాగేటప్పటికి అతని అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంజనీరమ్మ దగ్గరికొచ్చి, "చాలు పెద్దాయనా," అంది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరూ వినేలా చెప్పాడు. "మనుషులు లాగిన ఊపు వేరు, గాలి లాగే ఊపు వేరు. ఆ ఆయిల్ సీసాలు మొదటి వానకే ఊడి చేతికొస్తాయి. రాకపోతే నాకు వేరే పేరు పెట్టండి."

"ఎప్పుడో పెట్టాం కదా," అని వెనక బల్ల మీద ఎవరో గొణిగారు. నవ్విన ప్రతివాణ్ణీ రంపం గుర్తుపెట్టుకున్నాడు.

ఇంట్లో భార్య గిన్నెలు తోముతూ అడిగింది. "ఎలా ఉన్నాడు?"

"ఎవరు?"

"అదే, కంపెనీవాళ్ళు."

"కంపెనీవాళ్ళు కంపెనీవాళ్ళలాగే ఉన్నారు."

"చిక్కాడంటున్నారు."

"ఎవరంటున్నారు?"

ఆమె కుళాయి కట్టేసింది. ఆమె వారం వారం కూతురింటికి వెళ్తుందని అతనికి తెలుసు. తెలుసని ఆమెకూ తెలుసు. "కూతురు ఇల్లు దాటి పోతే పడని బెంగ, తాళ్ళు పోతున్నాయంటే పడుతున్నారు మీరు," అంది.

"నోరు మూసుకో."

"మూసుకునే ఉన్నాను, మూడేళ్ళుగా."

తాళ్ళు ఒక్కొక్కటే దిగాయి. ప్రతి తాడునూ రంపం తన చేత్తోనే విప్పాడు. వేరేవాళ్ళను ముట్టుకోనివ్వలేదు. ఒక్కో కేబులు కింద, రోడ్డు పక్కన, ఇనుప కాలు మీద జంట డాంపర్లు వెలిశాయి. కేబులు చుట్టూ ఒక క్లాంపు, దాని నుంచి రెండు గొట్టాలు కిందికి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా.

ఈ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాడు గానీ, రంపం రోజూ అన్నం వేళకు అవతలి టవరు దాటి, మనుషులు తిరగని చివరి కేబులు దగ్గరికి వెళ్ళేవాడు. మొదటిరోజు తప్పు పట్టడానికే వెళ్ళాడు. ఏదో ఒక చోట ఆయిల్ కారుతుందని, ఎక్కడో ఒక నట్టు వదులుగా ఉంటుందని వెతికాడు. దొరకలేదు. కొన్నాళ్ళకు ఒకరోజు గాలి వేస్తుంటే గొట్టంలోంచి బయటికొచ్చిన మెరిసే కడ్డీని చూస్తూ కూర్చున్నాడు. అది వెంట్రుకవాసి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది, ఊపిరి పీల్చినట్టు. తలెత్తి చూస్తే అంత పొడుగు కేబులూ నిలకడగా ఉంది. అన్నం డబ్బా విప్పడం మరిచిపోయాడు. వేడిగా మారుతుందని అల్లుడు చెప్పిన మాట గుర్తొచ్చి, చేతిలోని పానా కింద పెట్టి, రెండు అరచేతులూ గొట్టానికి ఆనించాడు. ఎండకు అదెలాగూ కాలుతోంది. వేడి గాలిదో ఎండదో తేలలేదు. అంతలో అటువైపు ఏదో బండి చప్పుడైతే, దొంగతనం చేసినవాడిలా లేచి గబగబా వచ్చేశాడు. పిడికి ఎర్ర గుడ్డ చుట్టిన పానా అక్కడే ఉండిపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే సన్నటి వాన పట్టుకుంది. గాలి నది మీద నుంచి ఒకే తీరున వీచింది. వంతెన మీద అన్ని కేబుళ్ళూ నిలబడ్డాయి, ఆ చివరిది తప్ప. మొదట సన్నగా వణికింది. తరువాత ఊగింది. దాని కింద క్లాంపు జానెడు కిందికి జారి, డాంపర్ కడ్డీ ఒకటి వంగిపోయింది. ఆయిల్ వాననీళ్ళలో రంగులు రంగులుగా పారింది. ట్రాఫిక్ పోలీసులు ఎక్కడి బండ్లను అక్కడే ఆపేశారు. ఆగిన బండ్లలో ముందున్నది కూతురి బస్సు.

పిన్ని బుట్టబండి తెచ్చి పెట్టింది. రంపం ఎవరూ చెప్పకుండానే పాత తాడు ఒకటి భుజాన వేసుకుని ఎక్కాడు. ఆ కేబులును పక్కదానికి కట్టి ఊపు అదుపులోకి తెచ్చాడు. తడిసి ముద్దై కిందికి దిగేసరికి అల్లుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఎర్ర గుడ్డ చుట్టిన పానా ఉంది.

"ఇది మీదేనా?"

"నాదే."

"డాంపర్ కాలి దగ్గర దొరికింది. అక్కడికెలా వచ్చింది?"

"దానికి కాళ్ళు లేవు కదా. నేనే తెచ్చి ఉంటాను."

"ఎందుకు తెచ్చారు?"

రంపం ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు.

"మామయ్యగారూ, ఈ క్లాంపు బోల్టులు ఎవరైనా వదులు చేశారేమో అని అడుగుతున్నాను."

"అడుగుతున్నావా, తేల్చి చెప్తున్నావా?" అన్నాడు రంపం. తమరు పోయి నువ్వు వచ్చింది.

"మొదటి వానకే ఊడతాయని క్యాంటీన్‌లో మీరే అన్నారట. ఇది మొదటి వాన."

చుట్టూ చేరినవాళ్ళలో ఎవరూ కాదనలేదు. క్యాంటీన్‌లో నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. అప్పుడే బస్సు దిగి కూతురు వచ్చింది. తడిసిన యూనిఫారం ఒంటికి అంటుకుపోయి ఉంది.

"నాన్నా," అంది. మూడేళ్ళలో అదే మొదటి మాట. "నువ్వే చేశావా?"

రంపం ఆమె ముఖంలోకి చూశాడు. "నీకేమనిపిస్తోంది?"

"చేసే ఉంటావనిపిస్తోంది."

"అయితే అదే అనుకో."

"బస్సు నిండా జనం ఉన్నారు. ఆ కేబులు నా అద్దం ముందు ఊగుతుంటే ఒక ముసలావిడ నా సీటు పట్టుకుని ఏడ్చింది. నీ పంతానికి వాళ్ళేం చేశారు?"

కాదు అనడం తేలికే. కానీ కాదంటే, మరి అక్కడెందుకున్నావని అడుగుతారు. అల్లుడి డాంపర్‌ను చూడాలనిపించి వెళ్ళానని, రెండు చేతులతో నిమిరి చూశానని ఇంతమంది ముందు చెప్పాలి. దానికంటే దుర్మార్గుడు అనిపించుకోవడమే నయమనిపించింది. మిగిలిన తాడు చుట్ట అక్కడే పడేసి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు. ఇంట్లో భార్య కంచం పెట్టే చప్పుడే మాటగా బతికాడు. రెండో రోజు ఆమె ఆగలేక అడిగింది. "నిజం నాకు చెప్పండి. చేశారా?"

"నువ్వు కూడానా."

"మీరు నోటితో ఎవరినైనా నరుకుతారు. చేత్తో ఒక నట్టు కూడా పాడు చేయరు. అది నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను, ఎందుకు చెప్పరని."

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వారం చివర్లో వంతెన మీదికి రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి గ్యాంగు, కంపెనీవాళ్ళు, ఇంజనీరమ్మ ఆ చివరి కేబులు దగ్గరే ఉన్నారు. క్లాంపు విప్పి కింద పెట్టారు. అల్లుడు దాని లోపలి వైపు వేలితో రాసి చూపించాడు. వేలు నల్లగా, జిడ్డుగా ఉంది.

"బోల్టులన్నీ బిగిసే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. పైన పాత తాడు కట్టిన చోటి నుంచి గ్రీజు కేబులు వెంట కిందిదాకా దిగింది. క్లాంపు వేసే ముందు శుభ్రంగా తుడవాలి. ఆ రోజు పని తొందరగా ముగించాలని మావాళ్ళు పైపైన తుడిచారు. నేను సరిచూడలేదు. తప్పు మాది." అతను ఈ మాటలు నేలను చూస్తూ కాదు, రంపాన్ని చూస్తూ చెప్పాడు.

"గ్రీజు నాది. తుడవనిది నువ్వు," అన్నాడు రంపం. "నీ సీసాలు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. నువ్వే చెయ్యడం లేదు."

"మరి పానా సంగతి?" ఇంజనీరమ్మ అడిగింది. "రిపోర్టులో రాసుకోవాలి పెద్దాయనా. అది అక్కడెందుకుంది?"

బుట్టబండి మెట్టు మీద కూర్చున్న పిన్ని అంది. "ఎందుకుంటుంది? రోజూ అన్నం వేళకు వచ్చి దాన్ని చూసుకుంటూ కూర్చునేవాడు. ఆ రోజైతే రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు, ఒళ్ళు కాలుతోందా అని చూసినట్టు. నా బండి చప్పుడుకు లేచి పారిపోయాడు."

రంపం ముఖం కందగడ్డలా అయింది. "నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. అందుకే ఇన్నాళ్ళు చెప్పలేదు. ఇప్పుడూ నువ్వు చెప్పకపోతే చెడ్డవాడివే అనుకుంటారని చెప్పాను."

"చెడ్డవాడన్నా బాగుండేది. నువ్వూ, నీ బండీ నా కంటికి కనబడొద్దు."

గ్యాంగులో ఒకడు దగ్గాడు. ఇంకొకడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అల్లుడు మాత్రం మామూలు గొంతుతో అడిగాడు. "వేడిగా అనిపించిందా?"

"ఎండకే మాడిపోతుంటే ఏం తెలుస్తుంది?"

"మబ్బు పట్టిన రోజు చూడాలి. కాస్త తేడా ఉంటుంది."

"కాస్తేనా? మరి ఆ రోజు అంత గొప్పగా చెప్పావే."

"కాస్త అనే చెప్పానండీ. మీరు వినలేదు."

పని ముగిశాక డాంపర్లను చూసుకోవడానికి వంతెన మనిషి ఒకరు కావాలన్నారు. రంపం తనే చేస్తానన్నాడు, కానీ నేర్పేది అల్లుడైతే వద్దన్నాడు. నేర్పగలిగేది అల్లుడొక్కడే. ఆ నేర్పుడు చూడడానికి జనం పని మానుకుని వచ్చేవారు. ఇలా కాదని ఒకడు, నాకు తెలుసని ఒకడు. ఆయిల్ కారకుండా ఆపే సీలు మార్చడం దగ్గర ఒకరోజంతా మాట్లాడుకోకుండా పిన్ని చేత మాటలు చెప్పించుకున్నారు. చివరికి రంపానికి పని పట్టుబడింది. ఇప్పుడు ఎవరైనా పాత తాళ్ళే నయమంటే వాళ్ళెవరని చూడకుండా తిట్టి పంపిస్తాడు.

కూతురు క్షమించమని అడగడానికి రాలేదు. అతనూ ఎదురు చూడలేదు. సెలవురోజు పొద్దున తల్లితో కలిసి వచ్చి, వంటింటి గడపలో నిలబడింది.

"ఆ రోజు కాదని ఒక్క మాట అంటే పోయేది కదా," అంది.

"నువ్వు అడిగిన తీరు బాగాలేదు."

"నీ నోరే కదా నాకొచ్చింది."

"నా నోరు వచ్చినదానివి, నా బుద్ధి తెలియలేదా నీకు? బస్సు నిండా జనముంటే వంతెన మీద చెయ్యేస్తానా నేను?"

ఆమె గడప దాటి లోపలికొచ్చింది. తరువాత, "తెలియాల్సింది," అంది.

ఆ రోజు అక్కడే తింది. తండ్రితో మళ్ళీ రెండుసార్లు వాదించింది, ఒకసారి బస్సు బ్రేకుల గురించి, ఒకసారి దేని గురించో ఇద్దరికీ గుర్తులేదు. వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "వచ్చే వారం ఆయన్ని కూడా తీసుకొస్తాను," అంది.

"ఇంట్లో కుర్చీలు మూడే ఉన్నాయి."

"ఆయన నిలబడతాడులే."

"ఎంతసేపు నిలబడతాడు?"

"నీకంటే ఎక్కువసేపు," అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరుసటి వారం అల్లుడు మడతకుర్చీ చంకన పెట్టుకుని వచ్చాడు. రంపం తలుపు తీసి ముందు కుర్చీని చూశాడు, తరువాత మనిషిని చూశాడు.

"దాని కాలు వంకరగా ఉంది," అన్నాడు.

"కూర్చునేది నేనే కదండీ," అన్నాడు అల్లుడు.

రంపం అడ్డు తప్పుకున్నాడు.